మిఠాయికి మందుచీటీ ఎందుకు?

మొన్న ఆదివారం మధ్యాహ్నం పక్కింటి వదినగారు స్టీలు డబ్బా ఒకటి పట్టుకుని వచ్చారు. మూత తియ్యకముందే వాసన వచ్చేసింది. వెన్న, దాల్చినచెక్క, కాస్త మాడిన కిస్‌మిస్.

"ఓవెన్ కొన్నాం కదండీ, ఓట్స్ కుకీలు చేశాను. స్వీటు కాదు సుమండీ, అంతా హెల్దీయే! అన్నయ్యగారు ఎన్నయినా తినొచ్చు" అన్నారు.

ఆ "ఎన్నయినా" దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు లెండి. ఆవిడ బంగారం లాంటి మనిషి, నాకు జ్వరం వస్తే చారు కాచి తెచ్చే మనిషి. నాలుగేళ్ళ క్రితం సరిగ్గా ఇదే మాట, ఇంతే నమ్మకంగా, నా నోటితో నేనే మావారికి చెప్పాను. దాని ఫలితం రిపోర్టు కాగితాల రూపంలో ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ముందే చెప్పేస్తున్నాను, ఓట్స్ కుకీలంటే నాకేమీ పగ లేదు. ఇష్టం కూడానూ. ఇష్టం గనకనే ఈ గోలంతా. బయట మంచు కురుస్తూ ఉండగా ఓవెన్ తలుపు తియ్యగానే ముఖానికి తగిలే ఆ వేడి వాసన ఒక్కసారి పీల్చిన వాళ్ళెవరికీ దాన్ని తిట్టడానికి నోరు రాదు. నా పోట్లాటంతా దాని మెడలో మనం కట్టిన "ఆరోగ్యం" అనే బిళ్ళతోనే.

మా అమ్మాయి రెండో పురుడికి న్యూజెర్సీ వెళ్ళి ఆరునెలలున్నాను. అక్కడ ఓట్స్ గుండ్రటి అట్టడబ్బాల్లో వస్తాయి. ఆ డబ్బా మీదే కుకీలు చేసే విధానం అచ్చువేసి ఉంటుంది. ఇదేదో కొత్త సంగతి కాదు, 1908లోనే క్వేకర్ కంపెనీ తన ఓట్స్ డబ్బా మీద కుకీల తయారీ అచ్చువేసింది. అమ్మేవాడు ఎంత తెలివైనవాడో చూశారా? జావ కాచుకు తాగితే డబ్బా ఎన్నాళ్ళకి ఖాళీ అవుతుంది? కుకీలు చేస్తే చిన్న డబ్బా రెండు వాయిలకి సరి! ఓట్స్ అమ్ముకునేవాడు ఓట్స్ గొప్పే చెబుతాడు గానీ, అందులో పడే వెన్న గొప్ప ఎందుకు చెబుతాడు?

పసిగుడ్డుని భుజాన వేసుకుని మా అమ్మాయి నాకు పాఠం చెప్పింది. "అమ్మా, నీ చేతి ఉజ్జాయింపు ఇక్కడ పనికిరాదు. కప్పు అంచుకి సమంగా చాకుతో గీసి కొలువు" అంది. నలభై ఏళ్ళు ఉజ్జాయింపుతో వండి ఈ సంసారాన్ని ఈదినదాన్ని, కూతురి చేత కొలతలు నేర్చుకున్నాను.

వెన్న రెండు కడ్డీలు. అది గది వేడికి మెత్తబడాలే గానీ కరగకూడదు. బ్రౌన్ షుగర్ కప్పు, మామూలు పంచదార అరకప్పు వేసి వెన్నతో కలిపి నురగలా వచ్చేదాకా గిలక్కొట్టాలి. తరవాత రెండు గుడ్లు, చెంచాడు వెనిలా. (గుడ్డు తినని వాళ్ళు ఒక్కో గుడ్డుకి బదులు పావుకప్పు పెరుగు వేసుకోవచ్చు, కాస్త మెత్తగా వస్తాయి, అంతే.) కప్పున్నర మైదా, చెంచాడు వంటసోడా, చెంచాడు దాల్చినచెక్క పొడి, అరచెంచా ఉప్పు. చివర్న మూడు కప్పుల ఓట్స్. అవి కూడా రోలర్లతో నొక్కిన పెద్ద అటుకుల్లాంటివి కావాలి. మనకిక్కడ దొరికే రెండు నిమిషాల ఓట్స్ వేశారంటే నమలడానికేమీ మిగలదు.

కలిపిన ముద్దని అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. అప్పుడు ఓట్స్ తడి పీల్చుకుంటాయి, వెన్న గట్టిపడుతుంది. తొందరపడి ఓవెన్‌లో పెట్టామా, పెనం మీద నీళ్ళదోసెలా ట్రే అంతా పరుచుకుపోతాయి. 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన ఓవెన్ మీద 175. పది పన్నెండు నిమిషాలు. అంచులు రంగు తిరిగి, నడిమి భాగం ఇంకా పచ్చిగా కనిపిస్తున్నప్పుడే బయటికి తీసెయ్యాలి. మన చెయ్యి ఆగనిది ఇక్కడే! జంతికలు కరకరలాడేదాకా వేయించిన అలవాటు కదా, ఇంకో రెండు నిమిషాలు ఉంచుదామనిపిస్తుంది. ఉంచితే రాళ్ళే. ట్రే మీద అయిదు నిమిషాలు ఊరుకుంటే వాటంతటవే గట్టిపడతాయి.

ఇక అందులో కలిపేవి. మా అమ్మాయి అక్రోటు ముక్కలు, కిస్‌మిస్ వేసేది. ఒక్కోసారి చాక్లెట్ ముక్కలు. నేను కాకినాడ తిరిగొచ్చి ఓవెన్ కొనిపించుకున్నాక పలాస జీడిపప్పు, రెండు ఏలకులు, కాస్త ఎండుకొబ్బరి కోరు మొదలుపెట్టాను. కిస్‌మిస్‌ని పది నిమిషాలు వేడినీళ్ళలో నానబెట్టి, పిండి వెయ్యాలి, లేకపోతే పైకి తేలినవి మాడి చేదెక్కుతాయి. పప్పులు దోరగా వేయించి వెయ్యాలి. అన్నీ కలిపి కప్పున్నరకి మించకూడదు. మించితే పిండి పట్టి ఉంచలేక కుకీ చేతిలోనే రాలిపోతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇంట్లో చేసుకున్న మంచి మిఠాయి, ఎవరు కాదంటారు?

మావారికి పదహారేళ్ళుగా షుగరు. కాఫీలో పంచదార మానేసి అన్నేళ్ళూ అయింది. పెళ్ళి భోజనంలో తాపేశ్వరం కాజా వడ్డిస్తే దాన్ని సగానికి విరిచి, ఆ సగంలో సగం తిని, మిగతాది నా విస్తట్లో వేసే మనిషి. అంత నిగ్రహం. అలాంటి మనిషి ముందు నేను కుకీల డబ్బా పెట్టి, "ఓట్సేనండీ, భయం లేకుండా తినండి" అన్నాను.

ఆయన నమ్మారు. నలభై ఏళ్ళుగా నేను పెట్టిందే తింటున్న మనిషి నమ్మక ఏం చేస్తారు? పొద్దున్న కాఫీతో రెండు. పదకొండింటికి పేపరు చదువుతూ ఒకటి. సాయంత్రం టీతో రెండు. రాత్రి భోజనమయ్యాక, "నోరు చప్పగా ఉందోయ్" అంటూ ఒకటి. రోజుకి ఆరు. నేను కూడా పొంగిపోయి వారం వారం వాయి తీశాను. తెచ్చిన ఓట్స్ అయిపోతే మళ్ళీ తెప్పించాను.

మూడు నెలల సగటు చెప్పే షుగరు పరీక్ష ఉంటుంది కదా, అది ఆయనకి ఎప్పుడూ 7 లోపల ఉండేది. ఆసారి 7.6 వచ్చింది. "భోజనంలో ఏమైనా మార్పు చేశారా?" అని అడిగారు డాక్టరుగారు. మావారు నిటారుగా కూర్చుని, "చేశానండీ, రోజూ ఓట్స్ తింటున్నాను" అన్నారు గర్వంగా. "మంచిదే, అది మానకండి" అని, ఒక మాత్ర పెంచి పంపించారు.

నవ్వుతున్నారా? నాకు ఇవాళ నవ్వే వస్తుంది. ఆ వేళ రాలేదు. మాత్ర పెరిగింది, కుకీలు ఆగలేదు. డాక్టరుగారే మానొద్దన్నారు కదా మరి! ఇంకో మూడు నెలలకి 8.2. ఈసారి నేనూ వెంట వెళ్ళాను. "ఓట్స్ ఎలా తింటున్నారు, పాలతోనా, ఉప్మాలాగా?" అని ఆయన అడిగితే, "కుకీలండీ" అన్నాను నేను. డాక్టరుగారు కలం బల్ల మీద పెట్టేశారు. ఏమీ అనలేదు. ఆ ఊరుకోవడమే నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆయన తప్పేముంది చెప్పండి? మేం చెప్పిన మాట "ఓట్స్". ఆ మాట మావారిని మోసం చేసింది, నన్ను మోసం చేసింది, చివరికి చదువుకున్న వైద్యుణ్ణి కూడా మోసం చేసింది.

ఇంటికొచ్చి వంటింటి తూకం తీశాను. ఏ కప్పులతో కొలిచి వేస్తున్నానో వాటినే తూచాను. ఓట్స్ మూడు కప్పులు 240 గ్రాములు. మైదా 180. వెరసి 420. ఇప్పుడు అవతలి పక్క చూడండి. వెన్న 227 గ్రాములు. రెండు రకాల పంచదార కలిపి 320. వెరసి 547! ఓట్సూ మైదా కలిసినా వెన్నా పంచదారల ముందు తేలిపోయాయి. ఇందులో కిస్‌మిస్ లెక్క వెయ్యనేలేదు. వాయికి 48 కుకీలు వస్తాయి. అంటే ఆరు కుకీల్లో 40 గ్రాముల పంచదార, చెంచాలతో చెప్పాలంటే పది చెంచాలు. కాఫీలో అరచెంచా వెయ్యనివ్వని మనిషికి నేను ఇన్నాళ్ళూ రోజుకి పది చెంచాలు పెట్టాను, ప్రేమగా, ప్లేటులో సర్ది.

"అయినా ఓట్స్ మంచివే కదండీ, ప్రభుత్వమే ఒప్పుకుంది" అంటారు కొందరు. ఒప్పుకున్న మాట నిజమే. 1997లో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ సంస్థ ఓట్స్ డబ్బాల మీద గుండెజబ్బుల ముప్పు తగ్గించగలవని రాసుకోవడానికి అనుమతిచ్చింది. ఏ ఓట్స్‌కి ఇచ్చిందో కూడా చూడాలి గదా! ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంది. జావ కాస్తే వేలికి జిగురుగా తగిలేది అదే. అది రోజుకి 3 గ్రాములు కడుపులో పడాలి, దాంతోపాటు తినే తిండిలో వెన్నా నెయ్యీ లాంటి కొవ్వులు తక్కువగా ఉండాలి. ఇదీ షరతు. ఆ 3 గ్రాములకి ముప్పావు కప్పు పొడి ఓట్స్ కావాలి. అంటే మా వాయిలో పావు వంతు, పన్నెండు కుకీలు. ఆ పన్నెండు కుకీల్లో 20 చెంచాల పంచదార, 57 గ్రాముల వెన్న. గుండె కోసం ఇలా తినేవాళ్ళని చూసి ఆ గుండె ఏమనుకోవాలి?

ఓట్స్ కావాలా, జావ కాచుకోండి, ఉప్మా చేసుకోండి, అదీ కొలత ప్రకారం. కుకీ కావాలా, కుకీ తినండి. రెంటినీ ఒకే చీటీలో రాయకండి.

నేనిలా వాదిస్తే మా మహిళామండలిలో ఒకావిడ, "మేం పంచదార వెయ్యంగా, బెల్లం వేస్తాం" అన్నారు. బెల్లంలో సింహభాగం పంచదారే కదండీ! బ్రౌన్ షుగరంటే పంచదారకి చెరకు పాకం మడ్డి పూసింది, అంతే. ఇంకొకావిడ ఖర్జూరమన్నారు, మరొకావిడ తేనె అన్నారు. కిస్‌మిస్‌లో నూటికి అరవై పాళ్ళ దాకా చక్కెరే. ఎర్రగా ముచ్చటగా ఉంటాయే ఎండు క్రాన్‌బెర్రీలు, వట్టివి తింటే పులుపుకి మొహం వంకర పోతుందని సాధారణంగా పంచదార పట్టించే ఎండబెడతారు. షుగరు ఉన్న ఒంటికి వీటి జాతకాలన్నీ ఒకటే. ఆ కలిపేవాటిలో నిజంగా మెచ్చుకోదగ్గవి అక్రోటు, బాదం లాంటి పప్పులే. పిడికెడు పప్పులు తినడానికి కుకీ ఎందుకు, ఉత్తినే తినొచ్చు.

"ఇంట్లో చేసింది కదా, బజారు దానికంటే నయం" అన్నది ఇంకో వాదం. దీంట్లో సగం నిజముంది. ఇంట్లో చేస్తే ఏ నూనె వాడామో తెలుసు, ఎన్నాళ్ళదో తెలుసు, చేతులు కడుక్కున్నామో లేదో తెలుసు. అయితే మన చేత్తో పోసినంత మాత్రాన పంచదార చప్పబడిపోదు.

అన్నట్టు, మనమేదో పూర్వకాలంలో సత్యహరిశ్చంద్రులమని కూడా నేననను. సున్నుండలు బలమని, మినుములూ నెయ్యీ నడుముకి మంచివని పెద్దమనిషైన పిల్లలకి పెట్టలేదూ? మా అమ్మమ్మ నాకు రోజుకి రెండు పెట్టింది, నేనూ బలమనుకునే తిన్నాను. కానీ సున్నుండని షుగరు జబ్బుకి మందుగా పెట్టిన మహాతల్లి మా వంశంలో ఎవరూ లేరు. ఆ ఘనత నాదే. కాజాని కాజా అంటాం గనక భయపడి సగం తింటాం. పేరులోనే భయం ఉంది. ఓట్స్ అన్నాక ఆ భయం పోయింది, భయంతోపాటు లెక్కా పోయింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అది ఇంకా అన్యాయం.

పోయిన ఏడాది మళ్ళీ న్యూజెర్సీ వెళ్ళాను. వాళ్ళ నాన్న సంగతి విన్నప్పటినుంచీ మా అమ్మాయికి బెంగ పట్టుకుంది. వెన్న మానేసింది, పంచదార మానేసింది. అరటిపండు చిదిమి, ఓట్స్ కలిపి, అవిసెగింజలు, చియా గింజలు, గుమ్మడి గింజలు పోసి కాలుస్తోంది. ఒకటి నోట్లో పెట్టుకున్నాను. తడిసిన అట్టముక్కకి పిట్టల గింజలు అద్దినట్టుంది. మా పెద్ద మనవడికి ఏడేళ్ళు. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "అమ్మమ్మా, నేనేం తప్పు చేశాను?" అన్నాడు.

రెండు రోజులకి వాడి బడిసంచీ సర్దుతుంటే అడుగున కాగితం రుమాల్లో చుట్టిన సగం కుకీ దొరికింది. చాక్లెట్ ముక్కలున్నది. ఎవరో స్నేహితుడిచ్చాడట. "అమ్మకి చెప్పకు" అన్నాడు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని. ఏడేళ్ళ వాడికి తీపి అంటే అమ్మకి తెలియకుండా తినేదని అప్పుడే తెలిసిపోయింది!

రాత్రి పిల్లలు పడుకున్నాక చెప్పాను. మా అమ్మాయి కోప్పడింది, తరవాత ఏడ్చింది. "నాన్నకి వచ్చింది. రేపు నాకు వస్తుంది, వీడికి వస్తుంది. నేనేం చెయ్యనమ్మా? పగలంతా ఆఫీసు, రాత్రి పదింటికి ఓవెన్ ముందు నిలబడి ఈ గింజలన్నీ పోస్తున్నాను. ఎవరూ తినరు" అంది.

ఇదీ నా అసలు కోపం. మగవాళ్ళెవరైనా ఒక మిఠాయి చేసి, దానికి ఆరోగ్య ధ్రువపత్రం జతచేసి వడ్డించడం మీరు చూశారా? ఆ పూచీకత్తంతా మన నెత్తినే. ఇంట్లో ఎవరికి షుగరు పెరిగినా "ఏం పెడుతున్నావు?" అని మననే అడుగుతారు. అందుకే తీపి చేసిన ప్రతిసారీ మనకో సాకు కావాలి. ఇందులో పీచుంది, ఇందులో ఇనుముంది, ఇందులో గింజలున్నాయి అంటూ సంజాయిషీ చెప్పుకుంటాం. పిల్లాడికి ఆదివారం నాడు కాస్త తీపి తినాలనిపించింది, నాకు చెయ్యాలనిపించింది, చేశాను అని తలెత్తి చెప్పడానికి మనకి నోరు రాదేం?

ఆ శనివారం అసలైన కుకీలే చేశాం, వెన్నా పంచదారా వేసి, చాక్లెట్ ముక్కలు మనవడి చేతే పోయించి. ముద్దనంతా నిమ్మకాయంత ఉండలు చేసి, ఎనిమిది మాత్రం కాల్చి, మిగిలిన వాటిని ప్లాస్టిక్ సంచీలో వేసి ఫ్రీజర్‌లో పెట్టాం. అలా రెండు మూడు నెలలు నిలవుంటాయి. కావలసినప్పుడు కావలసినన్ని తీసి, గడ్డకట్టిన వాటిని అలాగే ట్రే మీద పెట్టి, మామూలుకంటే రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే సరి. నలభై ఎనిమిది కుకీలు డబ్బాలో కళ్ళెదురుగా ఉంటే ఎవరు ఆగుతారండీ? నేనే ఆగను. మనవడు రెండు తిని, పాలు తాగి, ఏ గొడవా లేకుండా ఆడుకోవడానికి పోయాడు.

ఇక్కడ మా ఇంట్లోనూ ఇప్పుడదే పద్ధతి. పదిహేను రోజులకోసారి నాలుగు ఉండలు కాలుస్తాను. మావారికి ఒకటి, భోజనంలో ఆ మేరకు అన్నం తగ్గించి. ఆ ఒక్కదాన్నీ ఆయన పావుగంట తింటారు. పెరిగిన మాత్ర మాత్రం తగ్గలేదు. అది నా ఖాతాలోనే ఉంది.

వదినగారి డబ్బా సంగతి చెప్పాలి కదూ. ఖాళీ డబ్బా తిరిగివ్వడం మన ఇళ్ళలో లేదు. నిన్న సాయంత్రం జీడిపప్పు వేసినవి రెండు కాల్చి, అందులో పెట్టి తీసుకెళ్ళాను. ఆవిడ మూత తీసి, "రెండేనా! ఇవీ ఓట్సేగా?" అన్నారు నవ్వుతూ.

"ఓట్సే. కాకపోతే ఇవి స్వీటు వదినగారూ, మీకొకటి, అన్నయ్యగారికొకటి" అని, "మొన్న మీరు చేసినవాటిలో పంచదార ఎంత పోశారు?" అని అడిగాను.

ఆవిడ లోపలి గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "రెండు కప్పులండీ. బోర్డరులో ఉంది, జాగ్రత్త అన్నారు కదా అని ఆయనకి అవే పెడుతున్నాను. నిన్న రాత్రి ఏడు తిన్నారు."